స్మారక వెండి బిళ్ళలకు హాల్‌మార్క్ తప్పనిసరి చేయాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. అక్షయ తృతీయ వస్తే మన విశాఖలో సింహాచలం కొండ మీద అప్పన్న నిజరూప దర్శనానికి ఎంత జనమో, కింద బంగారం, వెండి కొట్ల దగ్గరా అంత సందడి. ధన త్రయోదశికి, మార్గశిర లక్ష్మీవారాలకు కూడా కురుపాం మార్కెట్ వైపు ఇదే పరిస్థితి. ఈమధ్య లక్ష్మీరూపుల పక్కనే ‘స్మారక నాణేలు’ అంటూ ప్రైవేటుగా ముద్రించిన వెండి బిళ్ళలు పెడుతున్నారు. మఖమల్ పెట్టె, ఒక సర్టిఫికెట్, ‘తక్కువే ముద్రించాం, రేపు దీని ధర పెరుగుతుంది’ అన్న మాట. 2025లో ప్రపంచ మార్కెట్లో వెండి 1980 నాటి రికార్డును దాటాక ఈ మాటను నమ్మేవారు ఎక్కువయ్యారు.

కాయినేజ్ చట్టం, 2011 ప్రకారం నాణెం ముద్రించే అధికారం కేంద్ర ప్రభుత్వానిదే. కాబట్టి ప్రైవేటు బిళ్ళ ఎంత అందంగా ఉన్నా దాని విలువ అందులోని వెండిదే. ప్రభుత్వ స్మారక నాణెంలోనూ బొమ్మకు కట్టే ధర వేరు, లోహం ధర వేరు. 2023 ఆగస్టులో రాష్ట్రపతి విడుదల చేసిన ఎన్టీఆర్ 100 రూపాయల నాణెం బరువు 35 గ్రాములైతే, అందులో వెండి సగమే. మిగతాది రాగి, నికెల్, జింక్. అమ్మింది వేల రూపాయలకు. అయినా అక్కడ మోసం లేదు. ఏ లోహం ఎంత శాతమో ప్రభుత్వమే ముందు ప్రకటించింది. అభిమానంతో కొన్నవారు తెలిసే కొన్నారు. ప్రైవేటు బిళ్ళ కొనేవారికి ఆ మాత్రం సమాచారమైనా గ్యారంటీగా అందాలి కదా?

బంగారు నగలకు 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్కింగ్, అంటే స్వచ్ఛత పరీక్షించి ముద్ర వేయడం, తప్పనిసరి అయింది. వెండికి మాత్రం ఇప్పటికీ స్వచ్ఛందమే. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండి నగలు, వస్తువులకూ హెచ్‌యూఐడీ అనే ప్రత్యేక గుర్తింపు కోడ్ ఇస్తున్నారు గానీ, అదీ అమ్మేవారి ఇష్టం. ఇక బిళ్ళ మీద ‘999’ (99.9 శాతం స్వచ్ఛం) అని అచ్చు వేయడానికి ఖర్చేముంది? మామూలు మనిషి ఇంట్లో పరీక్షించుకోలేడు. గీటురాయికి తెలిసేది పైపొరే. కొట్లో స్వచ్ఛత చూడటానికి పెట్టే కారట్ మీటర్ యంత్రం కూడా చాలావరకు పై పొరనే చూస్తుంది, మందంగా వెండి పూత వేసిన రాగిని అది పట్టుకోలేకపోవచ్చు. పేరులో సిల్వర్ ఉన్నా అసలు వెండే లేని జర్మన్ సిల్వర్ సంగతి సరేసరి.

స్వచ్ఛత సరిగ్గా ఉన్నా లెక్క చూడాలి. బిళ్ళలో వెండి విలువ 100 రూపాయలు అనుకుందాం. ముద్ర, పెట్టె, పేరు కలిపి 115కి అమ్మితే 3 శాతం జీఎస్టీతో 118 దాటుతుంది. తిరిగి అమ్మబోతే తరుగు పోను 95 ఇస్తారనుకుంటే, వెండి ధర దాదాపు 25 శాతం పెరిగితే తప్ప పెట్టిన డబ్బు తిరిగి చేతికి రాదు. దీన్ని పెట్టుబడి అని అమ్మేవారు ఈ లెక్క ఎందుకు చెప్పరు?

కాగితం డబ్బు మీద నమ్మకం లేక వెండి దాచుకునేవారిని నేను తప్పుపట్టను. ఆ భయానికి కారణాలున్నాయి. అయితే ఆ భయాన్నే సరుకు చేసి అమ్మేవారుంటారు. అమెరికాలో 1998లో ‘లిబర్టీ డాలర్’ పేరుతో ప్రైవేటు వెండి బిళ్ళలు వచ్చాయి. ఔన్సు (సుమారు 31 గ్రాములు) వెండి 5 డాలర్ల చుట్టూ ఉన్న రోజుల్లో బిళ్ళ మీద 10 డాలర్లు అని వేశారు. వాటిని డబ్బుగా చలామణి చేసినందుకు 2007లో ఎఫ్‌బీఐ దాడులు జరిగాయి, 2011లో నిర్వాహకుడు దోషిగా తేలాడు. వెండి ధర కూడా ఎప్పుడూ పైకే పోదు. 1980 జనవరిలో ఔన్సు 50 డాలర్ల దాకా ఎగబాకి, మార్చి చివరికి 11 డాలర్ల కిందికి పడింది. ధర మీదే నమ్మకం ఉన్నవారికి 2022 నుంచి వెండి ఈటీఎఫ్‌లు (వెండి ధరను అనుసరిస్తూ, షేర్లలా కొని అమ్మే ఫండ్లు) ఉన్నాయి. అక్కడ మజూరీ, పెట్టె ఖర్చు ఉండదు.

ప్రభుత్వాన్ని నేను కోరేది పెద్దదేమీ కాదు. అమ్మే ప్రతి వెండి బిళ్ళకూ హాల్‌మార్క్, హెచ్‌యూఐడీ తప్పనిసరి చేయాలి. బిల్లులో బరువు, స్వచ్ఛత, ఆ రోజు వెండి ధర, ముద్రణ ఖర్చు విడివిడిగా రాయాలి. తిరిగి కొంటారా, కొంటే ఎంత కోస్తారు అన్నది కూడా అదే బిల్లు మీద ఉండాలి. ఇందుకు కేంద్రం ఉత్తర్వు ఇవ్వాలి. ఆలోగా మన జిల్లా యంత్రాంగం, తూనికలు కొలతల శాఖ, హాల్‌మార్కింగ్ చూసే కేంద్ర సంస్థ బీఐఎస్ అధికారులు కలిసి వన్‌టౌన్ నుంచి గాజువాక దాకా కొట్లలో శాంపిళ్లు తీసి పరీక్ష చేయించవచ్చు, ఫలితాలు పత్రికలకు ఇవ్వవచ్చు. అనుమానం ఉన్నవారు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చని కొట్ల ముందు బోర్డు పెట్టించవచ్చు. ఈ తనిఖీలు అక్షయ తృతీయకు ముందే మొదలుకావాలి. పండగ అయ్యాక జరిగే దాడుల వల్ల, అప్పటికే బిల్లు లేకుండా బిళ్ళ కొనుక్కుని ఇంటికెళ్లినవారికి ఒరిగేదేమీ లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం