స్కోప్ స్క్రీన్‌కి ఫోటో తియ్యకండి, డేటా తియ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం,

చదువుల పేజీలో స్టూడెంట్ ప్రాజెక్టుల గ్రాఫులు వేస్తుంటారు కదా, వాటిల్లో చాలావరకు ఓసిలోస్కోప్ (వోల్టేజీ టైముతో ఎలా మారుతోందో గీత గీసి చూపించే పరికరం, స్కోప్ అంటాం) స్క్రీన్‌ని ఫోన్‌తో తీసినవే, మీద ట్యూబ్‌లైట్ మెరుపు, మూలకి ఎవరిదో వేలి నీడ. మీ తప్పు కాదులెండి, వాళ్ళిచ్చిందే మీరు వేస్తారు. నా బాధల్లా ఏంటంటే ఆ గీత వెనకున్న అసలు నంబర్లు స్కోప్ మెమరీలోనే ఉంటాయి, అడిగితే ఇస్తుంది, అడిగేవాళ్ళే తక్కువ.

అడగడం పెద్ద విద్యేం కాదు. యూఎస్‌బీయో నెట్‌వర్క్ కేబులో పెట్టి కంప్యూటర్ నుంచి మామూలు టెక్స్ట్ పంపడమే. ఆ భాషని స్కిపీ అంటారు, 1990లో వచ్చింది. "*ఐడీఎన్?" అని పంపితే స్కోప్ తన కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్ చెప్తుంది, ఆ కమాండ్ ఇంకా పాతది, 1987 నాటి ఐట్రిపుల్‌ఈ 488.2 అనే ప్రమాణంలోది. తర్వాత స్కోప్‌ని స్టాప్ చేసి, ఏ ఛానలో (ఏ ఇన్‌పుట్‌కి వచ్చిన సిగ్నలో) చెప్పి, డేటా అడగాలి, కీసైట్, రైగాల్ కంపెనీల స్కోపుల్లో ":వేవ్‌ఫామ్:డేటా?" అంటాం, టెక్ట్రానిక్స్‌లో అయితే "కర్వ్?". పైథాన్‌లో పైవీసా (ఇలాంటి పరికరాలతో మాట్లాడే లైబ్రరీ) ఉంటే నాలుగు లైన్ల పని.

నాలుగు లైన్లే కదా అనుకునే నేనూ దిగా. మొదటిసారి డేటా లాగి గ్రాఫ్ గీస్తే మొదట్లో ఒక గుంట, సరిగ్గా పది పాయింట్లు కిందికి పడి మళ్ళీ లేచేది, ఎన్నిసార్లు తీసినా అక్కడే. పవర్ సప్లైలో గ్లిచ్ అనుకుని కెపాసిటర్లు మార్చా, ప్రోబ్ గ్రౌండ్ వైరు పొట్టి చేశా, రెండ్రోజులు పోయాయి. తీరా చూస్తే అది సిగ్నలే కాదండీ, స్కోప్ డేటాకి ముందు "#800001000" అని హెడర్ పంపుతుంది, హాష్ పక్కన 8 అంటే తర్వాత ఎనిమిది అంకెలున్నాయని, ఆ ఎనిమిది అంకెలేమో వెయ్యి బైట్లు రాబోతున్నాయని. నేను ఆ అక్షరాల్ని కూడా వోల్టేజీ అనుకుని గీసేశా. కంప్యూటర్‌కి ప్రతి అక్షరమూ ఒక నంబరే కదా, హాష్ అక్షరం విలువ 35, సున్నా అక్షరానిది 48, నా సిగ్నలేమో 128 దగ్గర, గుంట పడక ఏమవుతుంది! చివర్లో ఒక చుక్క పాతాళానికి పోయేది, అది లైన్ ఎండ్, అంటే సందేశం అయిపోయిందని చెప్పే గుర్తు, విలువ 10.

ఆ 10తో ఇంకో తంటా ఉంది. లైన్ ఎండ్ రాగానే చదవడం ఆపెయ్ అని ప్రోగ్రామ్‌కి చెప్పి ఉంటే, డేటాలోనే ఏదో బైటు 10 అయినప్పుడు అక్కడే ఆగిపోతుంది. చిన్న సిగ్నల్ బాగానే వచ్చి, స్క్రీన్ అడుగుదాకా దిగే సిగ్నల్ మాత్రం మధ్యలో తెగిపోతోందంటే ఇదే, హెడర్ చెప్పినన్ని బైట్లు లెక్కపెట్టి చదవాలి. పైవీసా టైమవుట్ (జవాబు కోసం ఆగే టైము) మామూలుగా 2 సెకన్లే, పెద్ద మెమరీ లాగేటప్పుడు పెంచుకోవాలి.

ఇంకోటి, స్క్రీన్ మీద కనపడేది వేరు, మెమరీలో ఉన్నది వేరు. రైగాల్ డీఎస్1000జెడ్ రకం స్కోప్ నార్మల్ మోడ్‌లో స్క్రీన్ మీదున్న 1200 పాయింట్లే ఇస్తుంది, మెమరీని చదివే రా మోడ్‌లో పెట్టి స్టాప్‌లో ఉంచి అడిగితే మొత్తం ఇస్తుంది, అదీ ఒక్కోసారికి 2,50,000 బైట్లకి మించదు, ముక్కలుగా లాగాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది ప్రీయాంబుల్. కీసైట్, రైగాల్‌లో బైటు మోడ్‌లో (పాయింటుకి ఒక బైటు చొప్పున) వచ్చేవి 0 నుంచి 255 దాకా ఉత్త నంబర్లు, వోల్టులు కావు. ఒక్కో మెట్టు ఎన్ని వోల్టులు, సున్నా ఎక్కడ, ఒక్కో పాయింటుకి మధ్య టైమెంత, ఇవన్నీ ప్రీయాంబుల్‌లో ఉంటాయి, అది డేటాతో పాటు స్కోప్‌ని విడిగా అడగాల్సిన వివరాల జాబితా. కీసైట్‌లో నంబర్ నుంచి వై రిఫరెన్స్ తీసేసి వై ఇంక్రిమెంట్‌తో (ఒక్కో మెట్టు వోల్టులు) గుణించి వై ఒరిజిన్ కలపాలి, రైగాల్‌లో ఒరిజిన్, రిఫరెన్స్ రెండూ ముందే తీసేసి గుణించాలి. ఒకదాని ఫార్ములా ఇంకోదానికి వాడితే గ్రాఫ్ ఆకారం చక్కగానే ఉంటుంది, వోల్టులే తప్పు, ఎవరూ పట్టుకోలేరు.

అందుకని మీకో మనవి, ఇకముందు ప్రాజెక్టు గ్రాఫ్ వేసేటప్పుడు ఫోటో వద్దు, డేటా ఫైలు, దాంతోపాటు ప్రీయాంబుల్ పంపమని అడగండి. నా పాత ఫైళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, వెయ్యేసి నంబర్లు భద్రంగా ఉన్నాయి, ప్రీయాంబుల్ ఒక్కదానికీ దాచలేదు, అవి ఎన్ని వోల్టులో ఇప్పుడు నాకే తెలీదు.

ఇట్లు,
మీ పాఠకుడు