తాళం వేసిన షాపుకీ పన్ను పెరుగుతోంది: పురపాలక శాఖ మంత్రి గారికి ఒక లేఖ

పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారాలండి. విశాఖపట్నంలో ఒక పాత మాల్ మొదటి అంతస్తులో చీరలకు ఫాల్స్, పికో వేసే షాపు నాది. మాల్ పేరు రాయడం లేదు. రాస్తే మిగిలిన ఆ నలుగురు కస్టమర్లూ రారేమోనని భయం.

మా ఆయన స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైనప్పుడు చేతికొచ్చిన పీఎఫ్ డబ్బుతో కొన్న షాపు అది. 140 చదరపు అడుగులు. అప్పట్లో శ్రావణమాసం వచ్చిందంటే మధ్యాహ్నం అన్నానికి కూడా మిషను మీంచి లేచేదాన్ని కాదు. విజయనగరం, శ్రీకాకుళం, పాలకొండ నుంచి కుటుంబాలకు కుటుంబాలే పొద్దున బస్సు దిగేవి. కింద చీరలు కొని, పైకొచ్చి నాకిచ్చి, సినిమాకెళ్లి, సాయంత్రానికి ఫాల్స్ కుట్టిన చీరలు పట్టుకుని ఆర్టీసీ బస్సుల కాంప్లెక్స్‌కి ఆటో ఎక్కేవారు. ఇప్పుడు ఆ ఊళ్లలోనే పెద్ద పెద్ద షోరూములున్నాయి. ఫోన్‌లో కొనేవాళ్లు ఫోన్‌లో కొంటున్నారు. దానికి ఎవరినీ తప్పు పట్టను. మా మనవరాలి గౌను నేనూ ఫోన్‌లోనే తెప్పించాను.

నా గొడవ వేరే. గిరాకీ తగ్గడం వల్ల కొంతే పాడైంది, మిగతాది లెక్కల్లో పాడైంది. మా అంతస్తులో 22 షాపులు, తెరిచేవి ఆరు. ఏసీ, జనరేటర్ డీజిల్, లిఫ్టు, వాచ్‌మన్ ఖర్చు 22 మంది పంచుకోవాల్సింది ఆరుగురి నెత్తిన పడింది. కట్టలేక ముందు ఏసీ ఆపాం, తర్వాత సగం లైట్లు. చీకట్లోకి ఎవరొస్తారు? ఇంకో ఇద్దరు తాళం వేశారు. సంఘం ఉంది గానీ యజమానుల్లో సగం మంది హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. మీటింగ్ పెడితే టీ తాగడానికి నలుగురం మిగులుతాం.

ఫాల్ రంగు కలపడం మీకు తెలుసో లేదో. చిలకాకుపచ్చ చీరకు ట్యూబ్‌లైట్ కింద సరిగ్గా కలిసిన ఫాల్, ఎండలో చూస్తే వేరే రంగులో కొడుతుంది. మాల్ పైకప్పు అద్దంలోంచి పగటి వెలుగు పడుతుందనే మధ్యలో ఉన్న ఈ షాపు ఏరి కొనుక్కున్నాం. ఆ అద్దం కడిగి ఎన్నాళ్లయిందో. ఇప్పుడు చీర పట్టుకుని మెట్లు దిగి గేటు దాకా వెళ్లి రంగు చూసుకుని వస్తున్నాను. ఎస్కలేటర్ ఆగిపోయింది, ఆగినదాని మీదే జనం ఎక్కుతున్నారు. దాని మెట్లు మామూలు మెట్లకన్నా ఎత్తు, మొదట్లో చివర్లో మాత్రం పొట్టి. పెద్దవాళ్లు అక్కడే తూలుతారు.

ఇక పన్ను సంగతి. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఆస్తి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద, అంటే స్థలం, కట్టడం రేటు మీద లెక్కిస్తున్నారు. పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. ఇల్లుంటే అది ఊరటే. మాకు మాత్రం చుట్టుపక్కల స్థలం రేటు పెరిగితే, తాళం వేసిన షాపు విలువ కూడా కాగితం మీద పెరిగిపోతుంది. నా పక్క షాపు మా మరిదిది. మూడేళ్లుగా అద్దెకు దిగినవాడు లేడు. నోటీసు మాత్రం ఠంచనుగా వస్తుంది.

ఇంకోపక్క కొత్త మాల్స్‌కు రంగం సిద్ధం. కైలాసపురంలో పోర్టు స్థలంలో ఇన్నార్బిట్‌కు 2023 ఆగస్టులో శంకుస్థాపన చేశారు. హార్బర్ పార్కు దగ్గర లులుకు 13.74 ఎకరాలు 99 ఏళ్ల లీజుకు ఇవ్వాలని మీ ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. రుషికొండలో ఐటీ కంపెనీ టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇచ్చారు. పిల్లలకు ఉద్యోగాలొస్తే నాకు సంతోషమే, మా అక్క మనవడు ఇంజనీరింగ్ మూడో ఏడు. మాకు 99 పైసల రేటు అక్కర్లేదు గానీ, ఇన్ని ఎకరాల గురించి ఆలోచించే చోట 140 అడుగులకు ఒక పూట దొరకదా అని అడుగుతున్నాను.

అద్దె లేని షాపుకు ఖాళీగా ఉన్నంత కాలం పన్ను సగం చేయండి. ఖాళీయో కాదో తేల్చడానికి ఎవరూ రానక్కర్లేదు, కరెంటు మీటర్ రీడింగ్ చాలు. షాపు అమ్ముకునేటప్పుడు పేరు మార్చాలంటే మెయింటెనెన్స్ బకాయి లేదని సంఘం ఇచ్చే కాగితం కూడా అడగమనండి. అమెరికాలో ఉన్నాయన అప్పుడైనా ఫోనెత్తుతాడు. అద్దె భవనాల్లో నడిచే ప్రభుత్వ ఆఫీసుల్లో ఒకటి మా పై అంతస్తుకు మార్చండి. సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లు టీ తాగుతారు, జిరాక్స్ తీయించుకుంటారు, ఎవరో ఒకరు చీర కూడా తెస్తారు. లైట్లు వెలగడానికి ఆ మాత్రం జనం చాలు.

విశాఖ వచ్చినప్పుడు ఓ పావుగంట మా మాల్‌కి రండి. పదకొండుకి తెరుస్తాను. ఎస్కలేటర్ ఎక్కకండి, ఎడమ పక్కన మెట్లున్నాయి.

ఇట్లు,
ఫాల్స్, పికో షాపు యజమానురాలు
మొదటి అంతస్తు, విశాఖపట్నం