ప్రదర్శనకు వచ్చినవి పందెం కోళ్లు కావు

సంపాదకుల వారికి నమస్కారాలు.

మొన్నటి జాతి కోళ్ల ప్రదర్శన గురించి మీ జిల్లా పేజీలో వార్త వచ్చి పది రోజులైంది. ఎవరో ఒకరు సవరణ రాయకపోతారా అని చూశాను. ఎవరూ రాయలేదు కనుక నేనే రాస్తున్నాను. ‘పందెం కోళ్ల సందడి’ అని శీర్షిక పెట్టి, పక్కనే కాలికి కత్తి కట్టిన పుంజు బొమ్మ వేశారు. ఆ రోజు ఆ ఆవరణలో ఉదయం నుంచి సాయంత్రం దాకా ఉన్నవాణ్ణి నేను. అక్కడ నాకు ఒక్క కత్తి కనపడలేదు, ఒక్క రూపాయి పందెం కాసినవారూ కనపడలేదు. కోళ్లను కొట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమని, డబ్బు కాస్తే 1974 నాటి జూద చట్టం కూడా వర్తిస్తుందని తెలిసే, ఆ దారి వద్దనుకున్న పెంపకందార్లు ఈ ప్రదర్శనకు వచ్చారు. మీ వార్త వచ్చిన మర్నాడు మా అమ్మాయిని ఆమె అత్తగారు “ఈ వయసులో మీ నాన్నగారికి పందేలేమిటమ్మా” అని అడిగారట. ఆ మాటకు మా అమ్మాయి ఏం జవాబు చెప్పాలి?

కావలి దగ్గర పల్లెలో ఇరవై ఏళ్లుగా చిలకముక్కు, పొడవుతోక కోళ్లను పెంచుతున్నాను గాని, ప్రదర్శనకు తీసుకుపోవడం ఇదే మొదటిసారి. అందుకు పదిహేను రోజుల ముందు నుంచే రోజూ సాయంత్రం పుంజును ఒళ్లోకి తీసుకుని, రెక్కలు విప్పి, ముక్కు పట్టి, కాళ్లు తడిమి, కొత్తవాళ్ల చెయ్యి పడినా బెదరకుండా అలవాటు చేశాను. ముందురోజు నా భార్య గోరువెచ్చని నీళ్లు పెట్టి ఇస్తే, కాళ్ల పొలుసుల సందుల్లో పట్టిన మట్టిని పాత బ్రష్షుతో తీసి, కాళ్లకూ జుట్టుకూ కొబ్బరినూనె పలచగా రాశాను. తోక నలగకుండా పొడుగాటి అట్టపెట్టెలో వరిగడ్డి మందంగా పరిచి తీసుకుపోయాను. తీరా అక్కడ ఇచ్చిన ఇనుప బోను పట్టుమని రెండడుగులు లేదు. పుంజు ఒకసారి వెనక్కి తిరిగిందో లేదో, తోకలోని పొడుగు ఈక ఒకటి కమ్మీల మధ్య ఇరుక్కుని నడిమికి విరిగింది. విరిగిన ఈక మళ్లీ పెరగదు, పాత ఈకలు రాలి కొత్తవి వచ్చే కాలం దాకా ఆగవలసిందే. న్యాయనిర్ణేతలు వచ్చి, తోక చూసి, పెదవి విరిచి ముందుకు పోయారు.

బహుమతి రాలేదని బాధ లేదనను, ఉంది. అయితే దానికన్నా పెద్ద బాధ, ఎందుకు రాలేదో ఈ రోజుకీ తెలియకపోవడం. ముక్కు వంపుకు ఎన్ని మార్కులు, బఠాణీల వరుసలా అణిగి ఉండవలసిన జుట్టుకు ఎన్ని, తెల్ల కంటికి ఎన్ని, మెడకు, కాలికి, తోకకు ఎన్ని అన్న కాగితం ముందూ ఇవ్వలేదు, తర్వాతా చూపలేదు. టేపు పట్టినవారు లేరు, తూకం వేసినవారు లేరు. మన గడ్డ మీది పశువులను తీసుకుపోయిన బ్రెజిల్ వారు వాటికి మన నెల్లూరు పేరే నెలోర్ అని పెట్టుకుని, జాతి లక్షణాలను అక్షరాలా రాసుకుని, వంశావళి నమోదు చేసి, ఆ దేశపు మాంసపు మందకు వెన్నెముకగా చేసుకున్నారు. జాతిని నిలబెట్టేది ఆ రాతే. మా చిలకముక్కు కోళ్ల జాతి అయిన అసీల్‌కు ఆంధ్రప్రదేశ్ పుట్టిల్లని పుస్తకాల్లో ఉంది గాని, పుట్టింట్లో దాని లక్షణాలు రాసిన కాగితం ఒకటి పెంపకందారు చేతికి ఇచ్చే దిక్కు లేదు.

అన్నిటికన్నా భయపెట్టింది ఆరోగ్య పరీక్ష లేకపోవడం. మా పక్క బోనులోని పెట్ట కళ్లు మూసుకుని, మెడ ముడుచుకుని, గురగురలాడుతూ ఊపిరి తీస్తోంది. రెట్ట ఆకుపచ్చగా ఉంది. కొక్కెర తెగులు, అదే రాణికెట్, కావచ్చు, దాన్ని వేరే పెట్టించండి అని నిర్వాహకులకు చెబితే, అతిథులు వచ్చే వేళ అయింది, బహుమతులయ్యాక చూద్దామన్నారు. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్లలోను, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోను బర్డ్ ఫ్లూ వచ్చి, భోపాల్ ప్రయోగశాల నిర్ధారించి, చుట్టుపక్కల చికెన్ దుకాణాలు మూయించిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. అటువంటి జిల్లాలో అన్ని ఊళ్ల కోళ్లను ఒక్క షామియానా కింద చేర్చినప్పుడు, టీకా వేసిన కాగితం చూసి, ఒక డాక్టరు చేత్తో పట్టి చూశాకే లోపలికి పంపాలన్న ఆలోచన సంబంధిత అధికారులకు రావద్దా? ఎనిమిది వారాల వయసులో రాణికెట్ టీకా వేయించమని ఊరూరా చెప్పేవారే, తీరా కోళ్లన్నీ ఒక చోట చేరిన రోజున గేటు దగ్గర లేరు. శాలువాల వేళకు మాత్రం వేదిక నిండింది. ఏ సభ చూసినా ఇదే వరస, పని దగ్గర ఒక్కరుండరు, ఫోటో దగ్గర పదిమంది. ఇంటికి తెచ్చిన పుంజును నేను ఇంకా పశువుల కొట్టం అవతల విడిగా కట్టి, వేరే గిన్నెల్లో మేత పెడుతున్నాను. మూడు వారాలు గడిచేదాకా మంద దగ్గరకు రానివ్వను.

వచ్చే ఏడు మళ్లీ పెడతామంటున్నారు కనుక, మార్కుల పత్రం నెల ముందే ఇవ్వాలని, గేటు దగ్గర పశువైద్యుడు ఉండాలని, పొడవుతోక పుంజులకు కనీసం నాలుగడుగుల బోను ఇవ్వాలని కోరుతున్నాను. తమరు కూడా దయచేసి ఆ శీర్షికకు సవరణ వేయండి. దానితో పాటు కత్తి లేని పుంజు బొమ్మ ఒకటి వేస్తే సంతోషిస్తాం. బొమ్మ కోసం మీ విలేకరిని మా ఇంటికి పంపినా సరే, ఈకలు మార్చుకున్నాక వస్తే తోక నిండుగా ఉంటుంది.

ఇట్లు
ఒక కోళ్ల పెంపకందారు, కావలి