బొమ్మలు వేసిన వాడలో ఎవరుంటారు?

సంపాదకుడు గారికి,

మన పట్టణాల్లో ఫ్లైఓవర్ స్తంభాలకూ ప్రహరీ గోడలకూ వేయిస్తున్న బొమ్మల గురించి తెలుగు పత్రికల్లో వచ్చే వార్తలను, చాలా ఏళ్ళుగా హ్యూస్టన్‌లో ఉంటున్న పాఠకురాలిగా ఆసక్తితోనే చదువుతున్నాను. రంగులు కంటికి బాగానే ఉంటున్నాయి. అయితే ఆ వార్తల్లో వేయించిన అధికారుల పేర్లూ ప్రారంభించిన నాయకుల పేర్లూ ఉంటాయి గానీ, ఆ గోడ వెనక కాపురముంటున్నవారి మాట ఒక్కటీ కనిపించదు. ఈ లోటు గురించి రాయాలనుకోగానే నాకు గుర్తొచ్చినవారు ఈ ఊరి చిత్రకారుడు రిక్ లో.

అలబామా రాష్ట్రంలోని ఒక పల్లెటూళ్ళో 1961లో పుట్టి, 1985లో హ్యూస్టన్ చేరిన ఈ నల్లజాతి కళాకారుడు మొదట్లో పేదరికాన్నీ పోలీసుల దౌర్జన్యాన్నీ పెద్ద పెద్ద ఫలకాల మీద చిత్రించేవారు. 1990 ప్రాంతంలో ఆయన స్టూడియో చూడవచ్చిన హైస్కూలు పిల్లల్లో ఒకరు, మా కష్టాలు మాకు తెలిసినవే కదా, వాటినే మళ్ళీ గీసి చూపడం దేనికి, మీరు కళాకారులైతే పరిష్కారమేదో చేసి చూపకూడదా అని అడిగారట. ఆయన తరవాతి జీవితమంతా ఆ ప్రశ్నకు వెతికిన జవాబేనని నా అభిప్రాయం.

థర్డ్ వార్డ్ అనే నల్లజాతి వాడలో, 1930లలో కట్టి ఆ తరవాత పాడుబడిన 22 చిన్న ఇళ్ళను 1993లో ఆయనా మరో ఆరుగురు కళాకారులూ కలిసి చేపట్టారు. వీధి గుమ్మంలో నిలబడితే గదులన్నీ దాటుకుని పెరటి గుమ్మం కనిపించే ఇళ్ళవి. ముందు మనూళ్ళ అరుగు లాంటి వసారా ఉంటుంది. అదే వాడలోని టెక్సస్ సదరన్ విశ్వవిద్యాలయంలో బోధించిన జాన్ బిగ్గర్స్ అంతకు చాలాకాలం ముందే ఇలాంటి ఇళ్ళను ఎంతో గౌరవంగా చిత్రించారు. నగరం కూల్చదగ్గవనుకున్న ఇళ్ళకు విలువుందని రిక్ లోకు తోచడం వెనక ఆ చిత్రాలున్నాయి. బాగుచేసిన ఇళ్ళలో కొన్నింటిని కళాప్రదర్శనలకు ఇచ్చారు, కొన్నింటిలో చదువుకుంటున్న ఒంటరి తల్లులు పిల్లలతో కాపురముండే ఏర్పాటు చేశారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు, చూడవలసిన బొమ్మ ఏదో, ఆరేసిన బట్టలు ఎవరివో తేల్చుకోలేక కాసేపు ఇబ్బంది పడ్డాను.

ఈ మధ్య ఆయన చేసిన పనులు మరో దారిలో ఉన్నాయి. 1921లో ఓక్లహోమాలోని టల్సాలో తెల్లజాతి మూకలు తగలబెట్టిన నల్లజాతివారి గ్రీన్‌వుడ్ వాడ జ్ఞాపకార్థం, నూరేళ్ళు నిండిన 2021లో అక్కడి కళాకారులతో కలిసి పనిచేశారు. ఇరుగుపొరుగువారితో ఆడిన డామినోస్ అనే చుక్కల పలకల ఆటలో పలకలు పరుచుకుపోయిన తీరును గీస్తూ గీస్తూ, పైనుంచి చూసిన ఊరి పటాల్లాంటి చిత్రాలకు చేరుకున్నారు. 2024లో అవి వెనిస్ నగరంలో ఒక పాత కులీన కుటుంబపు భవనంలో ప్రదర్శనకు వెళ్ళాయి. గుడి మండపం బండల మీద పులి-మేక ఆటకు చెక్కిన గీతలు చూసి పెరిగిన నాకు ఆ చిత్రాలు పరాయివనిపించలేదు. కానీ వాడ జనంతో ఆడిన ఆట సంపన్నుల గోడకెక్కుతుంటే మనసులో కొంచెం కలుక్కుమన్న మాట దాచను. ఇళ్ళు బాగుచేయడం, బొమ్మ గీయడం ఆయనకు రెండు వేర్వేరు పనులు కావేమో. నాకు మాత్రం మొదటిదే పెద్దది.

ఎందుకంటే అసలు చిక్కు నేల దగ్గరుంది. బానిసత్వం నుంచి బయటపడినవారు తమ విముక్తి పండుగ జరుపుకోవడానికి 1872లో డబ్బు పోగుచేసి పదెకరాలు కొన్నది ఈ థర్డ్ వార్డ్‌లోనే. ఆ పార్కు నేటికీ ఉంది. నగర కేంద్రానికి కూతవేటు దూరం కావడంతో ఇప్పుడు చుట్టూ ఖరీదైన మూడంతస్తుల ఇళ్ళు లేస్తున్నాయి. వాడకు కళ వల్ల వచ్చిన పేరు కూడా అద్దెలు పెరగడానికి సాయపడవచ్చు. రిక్ లో బృందం ఈ ప్రమాదాన్ని ముందే గ్రహించి, తక్కువ ఆదాయం వారికి ఇళ్ళు కట్టి అద్దెకిచ్చేందుకు 2003లో ప్రత్యేక సంస్థను పెట్టింది. వాడ మొత్తాన్ని కాపాడటం దానివల్ల అయ్యే పని కాదు. అయినా, బొమ్మలు చూడవచ్చేవారికంటే ముందు అద్దె కట్టేవారి గురించి ఆలోచించిన కళాకారులు నాకు తెలిసినంతలో తక్కువ.

కాబట్టి, ఇకమీదట ఏ బస్తీ గోడలకు రంగులు వేసినా, మీ విలేకరి ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నవారిని పలకరించి, బొమ్మ ఏది వేయాలో వారినెవరైనా అడిగారా, ఇంటికి పట్టా ఉందా, అద్దె నిరుటికంటే ఎంత పెరిగింది అని కనుక్కుని, ఆ జవాబులను బొమ్మ ఫొటో పక్కనే అచ్చు వేయవలసిందిగా మనవి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, హ్యూస్టన్