ఒక్క రీడింగ్‌తో తుంటి ఇంప్లాంట్ పట్టు తేలదు

సంపాదకులకు,

తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారిలో ఇంప్లాంట్ వదులైందో లేదో కంపన పరీక్షతో ఇట్టే తెలిసిపోతుందని మీ ఆరోగ్య పేజీలో రాశారు. పద్ధతి నిజంగా మంచిది. ఎక్స్‌రే నిలకడగా ఉన్న బొమ్మనే చూపిస్తుంది, కదలికను చూపలేదు. మా అభ్యంతరమల్లా ‘ఇట్టే’ అన్న మాట మీదే.

మోకాలి దగ్గర తొడ ఎముక గుబ్బకు చిన్న షేకర్ ఆనించి, సుమారు 100 నుంచి 1000 హెర్ట్జ్ దాకా ఒక్కో పౌనఃపున్యంలో కంపనం పంపుతారు. తుంటి పక్కన చేతికి తగిలే ఎముక ఉబ్బు మీద కంపనాన్ని కొలిచే సెన్సర్ (యాక్సిలరోమీటర్) ఉంటుంది. స్టెమ్ (తొడ ఎముక లోపలికి దిగే ఇంప్లాంట్ కాడ) గట్టిగా పట్టి ఉంటే, కింద 200 హెర్ట్జ్ పంపినప్పుడు పైనా అదే 200 నున్నటి అలలా కనిపిస్తుంది. వదులైతే స్టెమ్ ఎముక గోడకు తగులుతూ, విడుతూ ఉంటుంది. దాంతో అల ఆకారం చెడి గ్రాఫ్‌లో 400, 600 హెర్ట్జ్ దగ్గర కూడా శిఖరాలు లేస్తాయి.

చిక్కు ఇక్కడే. సెన్సర్‌ను పట్టీతో బిగించకపోతే అదే చర్మం మీద గిలకొట్టుకుని ఇలాంటి శిఖరాలే పుట్టిస్తుంది. గట్టిగా ఉన్న ఇంప్లాంట్‌కు వదులన్న ముద్ర పడుతుంది. షేకర్ పంపే అల శుభ్రంగా ఉందో లేదో ముందే చూసుకోకపోయినా అంతే. కొవ్వు మందంగా ఉంటే పై పౌనఃపున్యాలు దారిలోనే అణిగిపోతాయి. అనునాద పౌనఃపున్యమేమో (ఎముక, ఇంప్లాంట్ కలిసి అన్నిటికన్నా గట్టిగా కంపించే పౌనఃపున్యం) ఎముక పొడవును, స్టెమ్ సైజును బట్టి మారుతుంది కాబట్టి ఒకరి అంకెను మరొకరితో పోల్చకూడదు. ఆపరేషన్ అయిన కొత్తలోనే రీడింగ్ తీసి భద్రపరచాలి. తర్వాత అదే కాలికి, అదే భంగిమలో, కండరాలు వదులుగా ఉంచి తీసి పోల్చాలి.

సిమెంటు లేకుండా నేరుగా ఎముకలో బిగించే స్టెమ్‌కు ఆపరేషన్ బల్ల మీద కూడా ఇది పనికొస్తుంది. సుత్తి దెబ్బ దెబ్బకీ కంపన స్పందన కొలిస్తే, స్టెమ్ బిగిసేకొద్దీ గ్రాఫ్ జరుగుతూ వస్తుంది. రెండు మూడు దెబ్బలకు జరగడం ఆగిందంటే స్టెమ్ కుదురుకున్నట్టే. ఇంకా కొడితే ఎముక చీలొచ్చు. ముందే ఆపేసినా ప్రమాదమే: ఎముకకూ స్టెమ్‌కూ మధ్య కదలిక సుమారు 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) లోపుంటేనే ఎముక చక్కగా అల్లుకుంటుంది, 150 దాటితే పీచు కణజాలం పెరిగి పట్టు దొరకదు.

ఇంకో మాట కూడా మీ పాఠకులకు చెప్పండి. ఇంప్లాంట్ వదులైందని తేలినా, ఇన్ఫెక్షన్ వల్లనా కాదా అన్నది కంపనం చెప్పదు. దానికి రక్తపరీక్షలు చేయాలి, అవసరమైతే కీలు లోపలి ద్రవం తీసి చూడాలి.

– ఇంప్లాంట్ బయోమెకానిక్స్ ఇంజినీర్లు