వేసవి సినిమా శిబిరాలు: డబ్బు కట్టే ముందు ఒక మాట

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి గేటు బయట ఎవరో పంచిన కరపత్రం గురించి మీ వాట్సాప్ గ్రూపుల్లో పెద్ద చర్చే నడుస్తోంది. పది రోజుల్లో దర్శకత్వం నేర్పి, సర్టిఫికెట్ ఇచ్చి, పెద్ద సినిమాలో అవకాశం కూడా ఇప్పిస్తారట. ఆ శిబిరానికీ మన పాఠశాలకూ ఏ సంబంధమూ లేదు. నన్ను ఒక్క మాట అడగకుండా కొందరు అప్పుడే అడ్వాన్సు కట్టేశారని తెలిసి బాధపడ్డాను.

పద్నాలుగేళ్లలోపు పిల్లలతో సినిమాలో నటింపజేయాలంటే నిర్మాత ముందుగా జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి ఇవ్వకుండా 3 గంటలు దాటకూడదు. బాలకార్మిక నిబంధనల్లో 2017లో చేర్చిన షరతులివి. ‘అవకాశం’ అన్నవారిని ఆ అనుమతి పత్రం చూపించమనండి. ఇక సర్టిఫికెట్ సంగతి. పుణెలో 1960 నుంచి నడుస్తున్న ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో దర్శకత్వం చదవాలంటే డిగ్రీ ఉండాలి, ప్రవేశ పరీక్ష రాయాలి. వేసవి సర్టిఫికెట్ దానికి దగ్గరిదారి కాదు.

అలాగని శిబిరాలన్నీ వద్దనడం లేదు. మంచిదాన్ని వెతకండి. ఒక్కో కెమెరాకు ఎంతమంది పిల్లలో అడగండి. ముప్పైమందికి ఒకటే అయితే మీ పిల్లలు చూసి వస్తారు తప్ప తీసి రారు. కథ ఎవరు రాస్తారో, ఎడిటింగ్ బల్ల ముందు ఎవరు కూర్చుంటారో అడగండి. నిరుడు పిల్లలు తీసిన చిత్రాలు చూపించమనండి. అవన్నీ ఒకే చేతి పనితనంతో నున్నగా ఉంటే, తీసింది పిల్లలు కాదు, మాస్టారే. శబ్దం గురించి ఒక్క పాఠమైనా ఉందా అన్నది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పరీక్ష. కెమెరా పట్టుకోవడం ఎవరైనా నేర్పుతారు; చెవి ఒగ్గి వినడం నేర్పేవాళ్లే నిజమైన గురువులు. తన వీధిని, తన వాళ్ల మాటను, తన ఇంటి భాషను శ్రద్ధగా గమనించిన పిల్లకు చెప్పడానికి కథ ఉంటుంది. అది లేనప్పుడు ఎంత ఖరీదైన లెన్సయినా ఏం చేస్తుంది?

మన ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ముగ్గురు దీన్ని రుజువు చేశారు. బడి ఆయమ్మ ఉదయపు పనిపై మామూలు ఫోనుతో నాలుగు నిమిషాల చిత్రం తీశారు. ఖాళీ వరండాలో చీపురు చప్పుడు కోసం ఎవరూ రాకముందే వచ్చి కూర్చున్నారు. సంభాషణ అక్కర్లేదని వాళ్లే నిర్ణయించుకుని, రాసుకున్న మాటలన్నీ కొట్టేశారు. ఆ చిత్రాన్ని ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో! ఎడిటింగ్ కూడా డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో వాళ్లే చేసుకున్నారు. శనివారం తల్లిదండ్రుల సమావేశంలో ప్రదర్శిస్తాం, తప్పక రండి.

వార్షిక పరీక్షల పట్టిక డైరీలో అంటించాం. బస్సు బకాయిలు నెలాఖరులోగా చెల్లించండి. గ్రంథాలయ పుస్తకాలు తిరిగి పంపండి.

మీ మీద గౌరవంతోనే ఇంకొకటి చెబుతున్నాను. అర్ధరాత్రి దాకా రీల్స్ చూసి, మొదటి పీరియడ్‌లోనే కునికిపాట్లు పడే పిల్లలు రోజురోజుకూ పెరుగుతున్నారు. ‘మావాడికి సినిమాలంటే ప్రాణం’ అని మురిసేముందు, పదింటికల్లా ఆ ఫోను మీ చేతికి తీసుకోండి. మన బడి లఘుచిత్రాల పోటీకి వచ్చినవాటిలో కొన్ని నాన్నగారు డబ్బిచ్చి స్టూడియోలో ఎడిట్ చేయించినవని చూడగానే తెలిసిపోయింది. అటువంటివి ఇకపై తీసుకోం.

కరపత్రం శిబిరానికి డబ్బు కట్టినవారు రసీదుతో సోమవారం ఆఫీసుకు రండి. వాపసు కోరుతూ లేఖ రాయడానికి సహకరిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని