ప్రతి వారం ఎందుకంటే

చిట్టితల్లికి,

మొన్న ఫోనులో నువ్వడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. రోటరీ సేవా క్లబ్బు వాళ్ళు సభ్యురాలిగా చేరమన్నారనీ, సేవంటే ఇష్టమే గానీ ఈ వారం వారం మీటింగులే భారంగా తోస్తున్నాయనీ అన్నావు. "పని ఉన్న రోజు వెళ్ళి చేసొస్తే చాలదా నాన్నా?" అని అడిగావు. "వెళ్తే నీకే తెలుస్తుందిలే" అనేసి ఊరుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఒక సర్వీస్ క్లబ్బులో ఉంటున్నవాణ్ణి, నీకు అంతకంటే మంచి జవాబే బాకీ ఉన్నాను.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. నీ ఆరో తరగతి వార్షికోత్సవం సరిగ్గా మా మీటింగు రోజే వచ్చింది. నేను మీటింగుకే వెళ్ళాను. ఇంటికొచ్చేసరికి ముఖాన రంగు కూడా కడుక్కోకుండా నిద్రపోయి ఉన్నావు. ఆ ముఖం నాకింకా గుర్తే. ఒక్క వారం మానితే క్లబ్బేమీ ఆగిపోదు తల్లీ. కాబట్టి ఇల్లూ ఉద్యోగమూ వదిలేసి పరిగెత్తమని నేను చెప్పడం లేదు.

రోటరీ మొదలైంది సేవ కోసం కాదు, తెలుసా? షికాగోలో లాయరుగా స్థిరపడ్డ పాల్ హారిస్‌కి, అంత పెద్ద నగరంలో మనసు విప్పి మాట్లాడుకునే మనుషులు కావాలనిపించింది. 1905 ఫిబ్రవరి 23న మరో ముగ్గురితో కలిసి కూర్చున్నాడు. వాళ్ళలో ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు మైనింగ్ ఇంజినీరు, ఇంకొకరు దర్జీ. వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవారు కనకే, తిరుగుతూ ఉండేది అనే అర్థంలో, రోటరీ అని ఆ పేరు. ఊరికి పనికొచ్చే పనిగా నగరంలో పబ్లిక్ మరుగుదొడ్లు కట్టించాలని పూనుకున్నది ఆ తర్వాత, 1907లో. ముందు మనుషులు ఒకరికొకరు అలవాటయ్యారు, ఆ తర్వాతే పని పుట్టింది. నా అనుభవంలోనూ అంతే.

మా క్లబ్బులో రక్తదాన శిబిరాల రిజిస్టరు రాసే పెద్దాయన ఒకరుండేవారు. మాట తక్కువ. కిటికీ పక్క కుర్చీ ఆయనది. ఒక వారం రాలేదు, ఎవరో పనుండి ఉంటుందన్నారు. రెండో వారమూ ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. మీటింగు అవగానే ఇద్దరం ఇంటికెళ్ళాం. భార్య పోయాక ఆయన ఒక్కరే ఉంటున్నారని మాకు అంతవరకూ తెలియదు. జ్వరంతో మంచం దిగలేని స్థితిలో ఉన్నారు. వెంటనే ఆసుపత్రిలో చేర్చాం, కోలుకున్నారు. మేం నెలకోసారి కలిసేవాళ్ళమైతే ఆ కుర్చీ ఖాళీ అయిందని తెలిసేదే కాదు. ఊళ్ళో ఎవరికి ఏ కష్టమొచ్చిందో వెతుక్కుంటూ తిరిగే మాకు, పక్కన కూర్చునే మనిషి ఒంటరితనం కనబడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకొకటి. ఒక పాఠశాలకి చక్రాల కుర్చీలు ఇచ్చాం. ఫోటోలు దిగాం, చప్పట్లు కొట్టాం. కొన్నాళ్ళకి మా సభ్యురాలొకావిడ వేరే పని మీద అటు వెళ్ళి, అవి మూలన పడి ఉండటం చూసింది. గడప ఎత్తు, బాత్‌రూం తలుపు ఇరుకు. కుర్చీ పట్టదు. ఆ వారం మీటింగులో లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరూ నొచ్చుకోలేదు. మాలో ఉన్న సివిల్ ఇంజినీరు మర్నాడే టేపు పట్టుకుని వెళ్ళారు, ర్యాంపు వేయించి తలుపు మార్పించారు. పని చేసి ఎవరిదారిన వాళ్ళు వెళ్ళిపోయి ఉంటే, మేమిచ్చిన కుర్చీలు పిల్లల్ని మోస్తున్నాయనే నమ్ముతూ ఉండేవాళ్ళం. రకరకాల వృత్తులవాళ్ళని సభ్యులుగా చేర్చుకోవడంలో ఉన్న తెలివి కూడా ఆ రోజే అర్థమైంది.

పోలియో సంగతి నీకు తెలిసిందే. దాన్ని ప్రపంచం నుంచి నిర్మూలించే పని రోటరీ నెత్తికెత్తుకున్నది 1985లో. 1988 నాటికి 125కి పైగా దేశాల్లో ఏటా మూడున్నర లక్షల మంది పిల్లలు దాని బారిన పడేవారు. ఇన్ని దశాబ్దాలు తట్టిన తలుపే మళ్ళీ మళ్ళీ తట్టే ఓపిక ఎక్కణ్ణించి వచ్చిందనుకుంటున్నావు?

నువ్వు కూర్చోబోయే కుర్చీ కూడా ఊరికే రాలేదు. మొదట్లో ఆడవాళ్ళకి రోటరీలో చోటు లేదు. కాలిఫోర్నియాలోని డ్యువార్టే క్లబ్బు ముగ్గురు మహిళల్ని చేర్చుకున్నందుకు దాని గుర్తింపు రద్దు చేశారు. వ్యవహారం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1987లో క్లబ్బు పక్షాన తీర్పొచ్చింది. 1989లో అన్ని దేశాలకీ నియమం మార్చారు.

నీకు వెసులుబాటూ ఉంది. 2016 నుంచి రోటరీ క్లబ్బులు తప్పనిసరిగా ప్రతి వారం కలవనక్కర్లేదు, నెలకి రెండుసార్లయినా సరిపోతుంది. మీ క్లబ్బు పద్ధతేమిటో కనుక్కో. వారం వారం కలిసే క్లబ్బయితే మాత్రం వెనకాడకు.

చేరేముందు రెండు విషయాలు గమనించు. ఒకటి డబ్బు. జనం దగ్గర సేవ పేరుతో వసూలు చేసిన సొమ్ము, క్లబ్బు సొంత ఖర్చులు వేర్వేరు లెక్కల్లో ఉండాలి. లెక్కలు అడిగితే మొహం చిట్లించేచోట ఉండకు. రెండోది జూలై ఒకటి. ఏటా ఆ రోజున క్లబ్బుకి కొత్త అధ్యక్షులు వస్తారు, కొత్త ఉత్సాహం వస్తుంది, నిన్నటి అధ్యక్షులు మొదలుపెట్టిన పని దిక్కులేనిదవుతుంది. మా క్లబ్బులో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. నాటిన మొక్కలకి రెండో ఏడు నీళ్ళు పోసినవాళ్ళు లేరు. అందుకని నువ్వు కొత్త ప్రాజెక్టు అడగకు. పాతదొకటి చూసుకుని, దాన్ని వదలకు.

మొదటి వారం వెళ్ళినప్పుడు తెలిసినవాళ్ళ పక్కన కూర్చోకు. వచ్చాక నీ పక్కన కూర్చున్నదెవరో, వాళ్ళేం పని చేస్తారో నాకు రాయి.

నాన్న